ఆఫీసుకు కారు వేరు, ఇంటికి కారు వేరు

ప్రశ్న: హైదరాబాదులోని వనస్థలిపురంలో అద్దెకు ఉంటున్నాము. నేను రాయదుర్గంలో ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు వెళ్ళాలి. చేతికి వచ్చే జీతం 62,000 రూపాయలు. నా భార్య ఇంటి దగ్గరి పాఠశాలలో టీచరు, ఆమె జీతం 24,000. నాలుగేళ్ళ పాప ఉంది. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్న మా అమ్మ మాతోనే ఉంటుంది. ఖర్చులన్నీ పోను నెలకు 20,000 దాకా మిగులుతోంది. బ్యాంకులో 2,40,000 డిపాజిట్ ఉంది.

ఇప్పుడు స్కూటరు మీద ఎల్బీనగర్ మెట్రో స్టేషనుకు వెళ్ళి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి షేర్ ఆటో ఎక్కుతున్నాను. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసుకు గంటా ఇరవై అయిదు నిమిషాలు. బాగా అలసిపోతున్నాను, వానాకాలంలో మరీ కష్టం. ఒక చిన్న పెట్రోలు కారు చూశాము. ఆన్‌రోడ్ ధర 8,62,000. ఏడు లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళ అప్పు ఇస్తామన్నారు. నెల వాయిదా 11,262. లీటరుకు 22 కిలోమీటర్లు వస్తుందట. రానూపోనూ రోజుకు 64 కిలోమీటర్లు. పెట్రోలుకు నెలకు ఏడు వేలు దాటదని లెక్క వేశాను. రెండూ కలిపితే 18,000, మిగులుతున్న డబ్బులో సరిపోతుంది. దారిలో ఒకరిద్దరిని ఎక్కించుకుని ఛార్జీ తీసుకుంటే ఇంకా కలిసివస్తుంది. నా భార్య వద్దంటోంది. అమ్మ పైకి చెప్పదు కానీ కారు ఉంటే బాగుండునని ఆమె మనసులో ఉంది. ఏమి చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు నాకు అందులో రెండు కోరికలు కనిపించాయి. ఒకటి రోజూ ఆఫీసుకు వెళ్ళే అలసట తగ్గించుకోవడం. రెండోది అమ్మగారిని ఆటో కుదుపులు లేకుండా ఆసుపత్రికి, ఊరికి తీసుకువెళ్ళగలగడం. ఈ రెండింటినీ ఒకే కారుతో తీర్చుకుందామని అనుకుంటున్నారు. రెండో కోరిక నిజంగా తీర్చవలసినది. మొదటి దానికి కారు మందు కాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదట పెట్రోలు. లీటరుకు 22 అని షోరూములో చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ ఆ సంఖ్య రోడ్డు మీద పుట్టలేదు. కారును ప్రయోగశాలలో రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీత వేగాల పట్టిక ప్రకారం దాదాపు ఇరవై నిమిషాలు, పదకొండు కిలోమీటర్లు నడిపి కొలిచిన సంఖ్య అది. అక్కడ సాగర్ రింగ్ రోడ్డు లేదు, ఆరాంఘర్ లేదు, సాయంత్రం ఆరున్నరకు టోలీచౌకి లేదు. మే నెలలో ఏసీ లేదు. మీ దారిలో చిన్న పెట్రోలు కారు లీటరుకు 13 నుంచి 15 ఇస్తే మంచి కారే అనుకోవాలి. నేను 14 అని పెట్టుకున్నాను. నెలకు 22 రోజులు, రోజుకు 64 కిలోమీటర్లు, అంటే 1,408 కిలోమీటర్లు. దాదాపు వంద లీటర్లు. 2024 మార్చిలో రెండు రూపాయల పైన తగ్గిన తరువాత హైదరాబాదులో లీటరు 107 పైచిలుకు పలికింది. ఆ ధరనే తీసుకుంటే నెలకు 10,750 రూపాయలు. మీరు వేసుకున్న 7,000తో పోలిస్తే ఇక్కడే దాదాపు నాలుగు వేలు తేడా వచ్చింది.

ఆగి ఉన్న కారు కూడా తాగుతుందని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఏసీ వేసుకుని ఇంజను ఆపకుండా నిలబడితే చిన్న కారయినా గంటకు ముప్పావు లీటరు దాకా ఖర్చు చేస్తుంది. సిగ్నళ్ళ దగ్గర, ఫ్లైఓవర్ల మొదట్లో రోజుకు మొత్తం నలభై నిమిషాలు నిలిచినా అర లీటరు పోయినట్లే. నెలకు 11 లీటర్లు, దాదాపు 1,200 రూపాయలు, ఒక్క అడుగు కూడా ముందుకు కదలకుండా.

ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళితే ఈ బాధ తప్పుతుందని ఎవరైనా చెప్పవచ్చు. కారు హాయిగా నడుస్తుంది, మైలేజీ కూడా పెరుగుతుంది. కానీ దూరం ఒకటిన్నర రెట్లు అవుతుంది, పైన టోల్. పెరిగిన మైలేజీని పెరిగిన దూరం మింగేస్తుంది.

ఇక పెట్రోలు పక్కన పెట్టి మిగతావి చూద్దాం, ఎందుకంటే మీ లెక్కలో లేనివి అక్కడే ఉన్నాయి. మొదటి ఏడాది బీమా ఆన్‌రోడ్ ధరలోనే కలిసి ఉంటుంది. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా, ఒకేసారి కట్టించుకుంటారు, 2018 సెప్టెంబరు నుంచి ఇది నియమం. కానీ కారు దెబ్బతింటే మనకు డబ్బు ఇచ్చే భాగాన్ని, అంటే సొంత నష్టం బీమాను, సాధారణంగా ఏటా పునరుద్ధరించుకోవాలి. నాలుగో ఏడు నుంచి మళ్ళీ రెండూ. సగటున ఏడాదికి 15,000, నెలకు 1,250 పక్కన పెట్టాలి. మీరు ఊళ్ళకు వెళ్ళేది కూడా కలిపితే కారు ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అంటే ఏటా రెండు సర్వీసింగులు, రెండున్నరేళ్ళు కాకముందే నాలుగు కొత్త టైర్లు, మూడు నాలుగేళ్ళకు బ్యాటరీ. నెలకు 2,000 కంటే తక్కువ వేసుకోవద్దు. రోజూ తుడిచే మనిషికి 500.

కలపండి: వాయిదా 11,262, పెట్రోలు 10,750, బీమా 1,250, సర్వీసింగు, టైర్లు 2,000, శుభ్రతకు 500. మొత్తం 25,762. ఇప్పటి మీ ప్రయాణ ఖర్చు ఎంత? 2025 మే సవరణ తరువాత మెట్రో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు, మీ దూరానికి అదే పడుతుంది. రానూపోనూ 138, నెలకు 3,036. స్కూటరు పెట్రోలు, పార్కింగు, షేర్ ఆటో కలిపినా 4,700 దాటదు. అంటే కారు వల్ల అదనంగా పడే భారం 21,000. మీకు మిగులుతున్నది 20,000. పాపను బడిలో చేర్చకముందే, ఇంట్లో ఎవరికీ జ్వరం రాకముందే మీరు నెలకు వెయ్యి రూపాయల లోటులో ఉంటారు. మీ ఆవిడ వద్దనడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఇంటి ఖర్చు చేత్తో పట్టి చూసేవారికి లోటు ముందే తెలిసిపోతుంది.

మరో లెక్క చెబుతాను, ఇది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. మీ 8,62,000లో షోరూము ధర 7,20,000 ఉంటుంది. దాని మీద తెలంగాణలో జీవిత పన్ను 14 శాతం, లక్ష పైమాట. మిగిలినది బీమా, రిజిస్ట్రేషను. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు జీవిత పన్నును, బీమాను లెక్కపెట్టడు, బండిని చూస్తాడు. అయిదేళ్ళలో లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు మూడుంబావు లక్షలు వస్తే మంచి బేరం. అప్పటికి మీరు 6,75,000 వాయిదాలు కట్టి ఉంటారు, అందులో 2,22,000 వడ్డీయే. అయినా బ్యాంకుకు ఇంకా 2,46,000 బాకీ ఉంటుంది. కారు అమ్మి అప్పు తీర్చితే చేతికి మిగిలేది 80,000 లోపు. ఏడేళ్ళ అప్పు నెలకు తేలికగా కనిపిస్తుంది కానీ, కారు విలువ తరిగినంత వేగంగా బాకీ తరగదు. అదే అప్పు అయిదేళ్ళకు తీసుకుంటే వాయిదా 14,531, మొత్తం వడ్డీ 1,72,000. ఏడేళ్ళకయితే వడ్డీ 2,46,000. అయిదేళ్ళ వాయిదా కట్టలేని కారు మన స్థోమతకు మించినదని నా కొలత.

విలువలో తరుగు, వడ్డీ, పెట్రోలు, బీమా, మరమ్మతులు అన్నీ కలిపి అయిదేళ్ళ కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 17 రూపాయల 50 పైసలు పడుతుంది. అందులో పెట్రోలు 7 రూపాయల 70 పైసలే. అందుకే మైలేజీ గురించి జరిగే చర్చ నాకు ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. బంకులో ఇచ్చే డబ్బు కళ్ళకు కనిపిస్తుంది. ఇంటి ముందు నిలిపిన కారు రాత్రిళ్ళు కూడా విలువ తగ్గించుకుంటూ ఉండడం కనిపించదు. నేను మొదటి కారు కొన్నప్పుడు మూడేళ్ళు ఒక చిన్న నోటు పుస్తకంలో ప్రతి రూపాయి రాశాను. బంకు బిల్లులు మొత్తం ఖర్చులో సగానికి కూడా చేరలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు ఆ పుస్తకం సంగతే చెబుతున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు 28 శాతం, దానిపై సెస్సు ఉండేవి. ఇంతకంటే మంచి సమయం రాదని మీకు చెప్పే ఉంటారు. ధర తగ్గిన మాట నిజం. పైన వేసిన లెక్క తగ్గిన ధరతోనే వేశాను.

దారిలో మనుషులను ఎక్కించుకుందామన్న ఆలోచన దయచేసి వదిలేయండి. వేన్నీళ్ళకు చన్నీళ్ళలా కనిపిస్తుంది కానీ, తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారులో ఛార్జీ తీసుకుని ప్రయాణికులను ఎక్కించడం పర్మిట్ నిబంధనలకు విరుద్ధం. ఏదైనా ప్రమాదం జరిగితే, బండిని అద్దెకు తిప్పుతున్నారన్న కారణంతో బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. నెలకు మూడు నాలుగు వేల కోసం అంత పెద్ద అపాయం నెత్తికెత్తుకోవద్దు. ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు వంతులవారీగా ఒక్కో వారం ఒక్కొక్కరి కారు తీయడం వేరే సంగతి, అందులో ఎవరూ ఎవరికీ ఛార్జీ ఇవ్వరు.

కరెంటు కారు మాట మీరు అడగలేదు. అయినా రోజుకు 64 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ ప్రస్తావన లేకుండా సమాధానం పూర్తి కాదు. నిజానికి మీ దూరానికి అదే సరైన బండి. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చినా, ఛార్జింగులో పోయేది కలుపుకుని నెలకు 220 యూనిట్లు చాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంటి వాడకం పైన ఈ యూనిట్లు చేరతాయి కాబట్టి ఇవన్నీ పై స్లాబులో పడతాయి. యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నా 2,000 రూపాయలు, పెట్రోలుకు అయ్యే దానిలో అయిదో వంతు కూడా కాదు. 2024 నవంబరు 18న అమల్లోకి వచ్చిన తెలంగాణ విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు కరెంటు కార్లకు జీవిత పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయింపు. అయితే మీరు అద్దె ఇంట్లో ఉన్నారు. సెల్లారులో మీ మీటరు నుంచి వైరు లాగడానికి ఇంటి యజమాని, అసోసియేషను ఒప్పుకోవాలి. రేపు ఇల్లు మారితే మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా మంచి కరెంటు కారు ధర మీరు చూసిన దానికంటే చాలా ఎక్కువ, వాయిదా కూడా అంతే. సొంత ఇల్లు, సొంత ప్లగ్గు ఉన్న రోజున ఈ ప్రశ్న మళ్ళీ అడగండి, అప్పుడు నా సమాధానం మారవచ్చు. సీఎన్‌జీలో ఖర్చు కొంత తగ్గుతుంది, కానీ గ్యాసు కోసం బంకు వరుసలో నిలబడే సమయాన్ని మీ రోజులో ఎక్కడ పెడతారు? అమ్మగారి సామాను పెట్టుకోవలసిన డిక్కీలో చాలా భాగాన్ని సిలిండరే ఆక్రమిస్తుంది.

ఇప్పుడు మీ అలసట గురించి. దాన్ని తేలికగా తీసుకోను. రోజుకు మూడు గంటలు దారిలో గడిపే మనిషి ఇంటికి వచ్చి పాపతో ఆడుకోలేడు. కానీ వనస్థలిపురం నుంచి రాయదుర్గానికి సాయంత్రం కారులో గంటన్నరకు తక్కువ పట్టదు, వాన పడితే రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఎడమ కాలు క్లచ్ మీద, కళ్ళు ముందు బండి మీద ఉంచాలి. రైలులో మీరు ఏమీ చేయనవసరం లేదు. పైగా మీకు చాలామందికి లేని సౌకర్యం ఉంది. ఎల్బీనగర్ ఒక లైనుకు మొదటి స్టేషను, రాయదుర్గం మరో లైనుకు మొదటి స్టేషను. ఒక రైలు వదిలి తరువాతి దానికి ముందు వరుసలో నిలబడితే ఉదయం అమీర్‌పేట దాకా, సాయంత్రం కూడా అమీర్‌పేట దాకా కూర్చుని వెళ్ళవచ్చు. ఆ అయిదు నిమిషాలు వదులుకోవడానికి వెనకాడవద్దు.

ఆఫీసులో ఒక మాట అడగండి: ఉదయం ఎనిమిదికి వచ్చి సాయంత్రం అయిదుకు వెళ్ళడానికి వీలుందా అని. అకౌంట్స్ పనిలో నెలాఖరు తప్ప ఇది చాలాచోట్ల కుదురుతుంది. గంట ముందు కదిలితే అమీర్‌పేట మెట్ల మీద రద్దీయే వేరుగా ఉంటుంది. వాన కురిసే రోజుల్లో రెండు చివర్లా ఆటో పెట్టుకోండి. అందుకని వానాకాలంలో నెలకు 1,500 కేటాయించండి. ఇది దుబారా కాదు, కారు వాయిదాలో ఏడో వంతు కూడా కాదు.

ఇక అమ్మగారి సంగతి. మీరు ఇప్పటిదాకా ఆమెను ఆసుపత్రికి నెలకు ఎన్నిసార్లు తీసుకువెళ్ళారు? రెండుసార్లు అనుకుంటే, క్యాబ్‌లో రానూపోనూ 600 చొప్పున 1,200. ఊరికి రెండు నెలలకోసారి కారు మాట్లాడుకుని వెళ్ళివస్తే 5,000, నెలకు 2,500 పడినట్లు. మొత్తం 3,700. మీరు కొనాలనుకుంటున్న కొత్త కారు రోడ్డెక్కకుండా నిలబడి ఉన్నా వాయిదా, బీమా, శుభ్రత కలిపి నెలకు 13,000 అడుగుతుంది. ఈ 3,700 ఖర్చు పెట్టడానికి మనకు చేయి రాదు, ఎందుకంటే ప్రతిసారీ జేబులోంచి తీసి ఇవ్వాలి. వాయిదా అయితే తనంతట తానే పోతుంది కాబట్టి నొప్పి తెలియదు. ఆ నొప్పి వల్లే చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆటోలో, బస్సులో కుదుపులు తింటూ తిరుగుతున్నారు. క్యాబ్ పిలుద్దామంటే ‘ఎందుకు నాయనా దండగ’ అంటారు. మీరు ఆమెను అడగకుండానే పిలవండి.

అయినా ఇంటికి సొంత కారు ఉండాలన్న కోరికను నేను కాదనను. అర్ధరాత్రి పాపకు ఒళ్ళు కాలిపోతుంటే క్యాబ్ దొరుకుతుందో లేదో అన్న భయం నాకూ తెలుసు. అందుకని ఇలా చేయండి. డిపాజిట్‌లోని 2,40,000 ముట్టుకోవద్దు, అది జీతం ఆగిన రోజుకు. మిగిలే 20,000లో 15,000 ప్రతి నెలా మొదటి వారంలోనే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు వెళ్ళిపోవాలి. 5,000 క్యాబ్‌లకు, ఆటోలకు. ఇరవై నెలల్లో వడ్డీతో కలిపి మూడు లక్షలు దాటుతుంది. ఆ డబ్బుతో అప్పు లేకుండా ఆరేడేళ్ళ వయసున్న చిన్న కారు, యాభై అరవై వేల కిలోమీటర్లు తిరిగినది, ఒకే యజమాని చేతిలో ఉన్నది కొనండి. దాన్ని ఆఫీసుకు తీయవద్దు. నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు 3,300, బీమా, మరమ్మతులు, శుభ్రత కలిపి ఇంకో 3,000. మీ జీతానికి ఇది మోయగల బరువు.

పాత కారు కొనేటప్పుడు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్లు బ్యాంకు పత్రం, ఆ పేరు తీయించడానికి ఇచ్చే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వవద్దు. యాజమాన్యం మార్పిడికి 29, 30 ఫారాలు అవసరం. పాత చలానాలు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి. బీమాను మీ పేరు మీదికి మార్చమని పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. క్లెయిము చేయనందుకు వచ్చిన రాయితీ పాత యజమానిదే, అది మీకు బదిలీ కాదు కాబట్టి ప్రీమియం కొంత పెరుగుతుంది. ఇంకొకటి: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పది శాతానికి సర్దిన పాత కార్లలో దీనివల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లకు ఆ ఇబ్బంది తక్కువ. అమ్మేవాడు చెప్పిన మైలేజీ నమ్మకుండా కొన్న మొదటి నెలలోనే మీరే కొలవండి. ట్యాంకు నిండా పోయించి మీటరు రీడింగు రాసుకోండి. మళ్ళీ నిండా పోయించిన రోజున ఎన్ని లీటర్లు పట్టిందో దానితో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. ఇలా మూడుసార్లు చేస్తే వచ్చే సగటే మీ కారు అసలు మైలేజీ. నెలకు రెండుసార్లు చల్లటి టైర్లలో గాలి చూపిస్తే ఆ సంఖ్య నిలబడుతుంది.

మీ ఆవిడకు ఈ సమాధానం చూపించి, ఇద్దరూ కూర్చుని ఒక పుస్తకం మొదలుపెట్టండి. మొదటి పేజీలో ఈ నెల మెట్రో, స్కూటరు, ఆటో ఖర్చులు రాయండి. రెండో పేజీ అమ్మగారి ప్రయాణాలకు. ఈ ఆదివారం ఆమెను ఎక్కడికి తీసుకువెళ్ళాలో ఆమెనే అడిగి, క్యాబ్ మాట్లాడి, ఆ పేజీలో మొదటి పద్దు వేయండి.